పదిహేడో నంబరు కళ్ళజోడు

సైకాలజీలో పీజీ చేస్తున్న ఒక అమ్మాయి ఒంటరితనం మీద థీసిస్ రాస్తోంది. ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్లను ముప్పై మందిని పోగుచేసి రెండు జట్లు చేసింది. మొదటి జట్టుతో వారానికోసారి అరగంట కబుర్లు చెప్పాలి. రెండో జట్టుతో పలకరింపు కూడా కూడదు, ఫారం నింపించుకుని పంపేయాలి. ఆరు వారాలకు మొదటి జట్టు కుదుటపడి, రెండోది ఎక్కడిదక్కడే ఉంటేనే డిగ్రీ. పాపం, రెండో జట్టు ఒంటరిగానే ఉండాలని ఆమె కోరుకోని రోజు లేదు.

పదిహేడో నంబరు రెండో జట్టు మనిషి. గడియారాలు రిపేరు చేసి చేసి కొట్టు మూసేసిన పెద్దాయన. ప్రతి బుధవారం పదింటికల్లా వచ్చి, జేబులు తడుముకుని, "కళ్ళజోడు మర్చిపోయానమ్మా, కాస్త చదివి పెట్టు" అనేవాడు. చదవడం మాట్లాడటం కిందికి రాదులే అని ఇరవై ప్రశ్నలూ చదివేది. "మీ బాగోగులు అడిగేవాళ్లున్నారా?" అంటే చాలు, పోయిన వాళ్లావిడతో మొదలుపెట్టి గోడ గడియారాల దాకా వెళ్లేవాడు. అంతా విని ఆమె ఒక టిక్కు పెట్టేది.

ఆరో వారం "ఒంటరిగా అనిపిస్తోందా?" అని చదివితే, "బుధవారాలు లేదమ్మా" అన్నాడు.

రెండు జట్లలోనూ ఆయనే అందరికంటే మెరుగుపడ్డాడు. గైడ్ మేడమ్ పట్టిక చూసి, జరిగింది విని తల పట్టుకుంది.

"నీ కొంప ముంచేది ఈయనే. రూలు తప్పింది నువ్వు. కాబట్టి ఆయన్ని లెక్కలోంచి తీసెయ్."

తీసేసింది. ఫలితం అనుకున్నట్టే వచ్చింది. ఆమెకు మాత్రం సిగ్గేసింది.

బుధవారం పదింటికి ఆయన రానే వచ్చాడు.

"అయిపోయింది తాతగారూ, ఇక రానక్కర్లేదు."

"అలాగా. మరి నేను పాసయ్యానా?" అన్నాడు.

"ఫస్టొచ్చారు," అంది. అది మాత్రం నిజమే.

ఆయన సంబరంగా జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, ఆమె మొహం మొదటిసారి సరిగ్గా చూశాడు. "ఇదేంటమ్మా, ఇంత బక్కచిక్కి ఉన్నావు? వేళకి తింటున్నావా?"

హాస్టల్లో చేరాక ఆమెను ఆ మాట అడిగినవాళ్లు లేరు. సొరుగులోంచి ఖాళీ ఫారం ఒకటి తీసింది.

"ఇంకొన్ని ప్రశ్నలు మిగిలాయి తాతగారూ. వచ్చే బుధవారం కూడా రావాలి."

"కళ్ళజోడు తెచ్చుకోనా?"

"వద్దు," అంది. "మర్చిపోయే రండి."