బండల బల్ల మీద వెలుతురు

బేతంచెర్లలో దేవేంద్రప్ప పాలిష్ ఫ్యాక్టరీలో నాపబండ నీళ్లోడుతూ బల్ల మీదికి వస్తుంది. ఉరుకుందమ్మ వంగి చూస్తుంది. వెంట్రుకంత పగులు కనిపిస్తే సుద్దతో గీస్తుంది. గీత పడిన బండ పక్కకు పోతుంది. పెళ్లయి ఆ ఊరు వచ్చినప్పటి నుంచి ఆమె పని ఇదే.

ఆ ఎండాకాలం విశ్వవిద్యాలయం నుంచి పరిశోధకులు వచ్చి బల్ల పైన కెమెరా బిగించారు. ఆమె గీసిన చోట్లను చూసి యంత్రం పగులును గుర్తుపట్టడం నేర్చుకోవాలి. కెమెరాకు వెలుతురు ఎక్కువ కావాలి. తడిబండ మీద పడిన వెలుతురు మనిషి కళ్లలోకి కొడుతుంది. ఇద్దరికీ కుదిరే వెలుతురు ఎంతో తేల్చడం ప్రసన్నకుమారి అనే పరిశోధకురాలి పని.

మొదట లైట్లు వేసి, పక్క బల్ల దగ్గరి శివలీలను ఎట్లుందని అడిగింది.

"పెండ్లిపందిట్లో కూర్చోబెట్టినట్టుండాది మేడం. కండ్లు మండుతాండాయి."

"పెండ్లికూతురికి పనెందుకు? ఇంటికి పోయి పండుకో పో" అన్నాడు పక్కనే నిలబడిన యజమాని దేవేంద్రప్ప. అందరూ నవ్వారు.

మరునాటి నుంచి శివలీలను పనికి పిలవలేదు. ఆమె ఎందుకు రాలేదని ప్రసన్నకుమారి అడగలేదు.

తర్వాత ఉరుకుందమ్మ వంతు. లైట్లు పెంచారు.

"ఎట్లుంది?"

"బాగుండాదమ్మా."

ఇంకా పెంచారు. ఆమె కళ్ల నుంచి నీళ్లు కారాయి.

"మండుతోందా?"

ఉరుకుందమ్మ దేవేంద్రప్ప వైపు చూసింది. "దుమ్ము పడిండాదిలే. బాగుండాది."

మిగతా ఆడవాళ్లూ అదే చెప్పారు. ఆ వెలుతురే కళ్లకు సుఖమని రిపోర్టు రాసి పరిశోధకులు వెళ్లిపోయారు.

వానలు పడే నాటికి ఉరుకుందమ్మ వెలుతురులోకి వస్తే వాంతులు చేసుకునేది. చూపు మసకబారింది. పగిలిన బండలు ఆమెను దాటి పోయాయి. అప్పటికి యంత్రం పని నేర్చుకుంది. దేవేంద్రప్ప ఆమెను రావద్దన్నాడు.

ప్రసన్నకుమారి మళ్లీ వచ్చినప్పుడు కెమెరాకు వేడి తగలకుండా ఫ్యాను పెట్టి ఉంది.

"ఉరుకుందమ్మ ఏది?" అని దేవేంద్రప్పను అడిగింది.

"కండ్లు చెడగొట్టుకునింది మేడం. మీ కెమెరా శానా మేలు. ఏడవదు."

"లైట్లు తగ్గించాల్సింది కదా?"

"అది కండ్లకు సుఖమని చెప్పింది మీరే గదా."

ఆమె ఉరుకుందమ్మ ఇంటికి వెళ్లింది. తలుపు మూసిన గదిలో ఉరుకుందమ్మ కళ్ల మీద తడిగుడ్డ వేసుకుని పడుకుని ఉంది.

"అంత బాధగా ఉంటే బాగుందని ఎందుకు చెప్పినావమ్మా?"

"నిజం చెప్పి శివలీల ఏమాయె? నువ్వడిగినప్పుడు ఆయప్ప నీ పక్కనే ఉండె. నన్నొక్కదాన్నే పిలిచి అడిగింటే చెప్పేదాన్నే."

"ఇప్పుడు చెప్పు. నేను మళ్లీ రాస్తాను."

ఉరుకుందమ్మ కళ్ల మీది తడిగుడ్డను సర్దుకుంది.

"నా కూతురు శివాని ఆడనే బండలు మోస్తాంది. నాకేం బాధ లేదని రాసుకో తల్లీ."

ప్రసన్నకుమారి బయటికి వచ్చి వీధిలో నిలబడింది. యంత్రం ఎంత చూడగలదో ఆమె జాగ్రత్తగా కొలిచింది. మనిషిని మాత్రం యజమాని ఎదుట నిలబెట్టి అడిగింది. పని పోతుందనే భయం ఉన్నచోట కూలి మనిషి చెప్పే "బాగుంది" జవాబు కాదు. దాన్ని జవాబుగా రాసుకున్నవాళ్లు ఆ కళ్లకు బాధ్యులు.