నబీ సాబ్ జపాను దండయాత్ర

ఆదోనిలో పీర్ల పండుగకు కత్తి తిప్పేవాళ్ళు చాలామంది. తిప్పిన సంగతి మళ్ళీ పీర్ల పండుగ దాకా చెప్పుకునేవాడు మాత్రం నబీ సాబ్ ఒక్కడే. కత్తిసాము నేర్పే తాలీంఖానాలో ఆయన ఉస్తాదు. ఆ కత్తికి ఇన్నేళ్ళలో గాయపడింది ఆయన బొటనవేలే.

ఎనభైతొమ్మిది ఎండాకాలం. పత్తి సీజను అయిపోయి, ఆయన పనిచేసే ప్రెస్సింగు మిల్లు మూసేశారు. ఉస్తాదు ఇంట్లో ఖాళీగా ఉన్నాడు. సరిగ్గా అప్పుడే మేనల్లుడు సిరాజుద్దీన్ బొంబాయి నుంచి ఒక డబ్బా తెచ్చాడు. టీవీకి తగిలించి ఆడే జపాను ఆట. సమురాయి అనే కత్తివీరుడై కోటల మీద పడి, ఎదురొచ్చినవాణ్ణల్లా నరకాలి. గెలిచిన సీమను మళ్ళీ ఏలాలి: ఏ ఊరికి ఎన్ని బియ్యం మూటలు, ఎంత శిస్తు, కాలువ తవ్వడానికి ఎంతమంది. అన్నీ తెర మీది బొమ్మల్ని చూసి మీట నొక్కి చెప్పడమే.

"నరికేది ఈ మీట మామా. బియ్యం పంచేది ఇది."

"బియ్యం సంగతి అట్లుండనీ. నరికేది ఇంకోసారి సూపించు."

చూపించి, పది రోజులు ఉండొస్తానని ఎమ్మిగనూరులో అత్తగారింటికి వెళ్ళిపోయాడు సిరాజుద్దీన్.

మొదటి రోజే నబీ సాబ్ మూడు కోటలు పట్టాడు. పక్కన మిల్లు హమాలీ సుంకప్ప కూర్చుని, తల తెగినప్పుడల్లా "శభాష్ ఉస్తాద్!" అన్నాడు. నాలుగో కోట మీదికి పోతుంటే, వెనక మొదటి కోటలో రైతులు కొడవళ్ళు పట్టుకుని తిరగబడి ఆయన సమురాయి తలే తీసేశారు. మళ్ళీ ఆడాడు. మళ్ళీ తీసేశారు. ఐదుసార్లయ్యాక ఉస్తాదు తీర్పు చెప్పాడు.

"డబ్బా సెడిపోయింది. జపానోళ్ళు రైతుల్ని సరిగ్గా సేయలేదు."

ఆయన భార్య దస్తగిరమ్మ బస్టాండు పక్కన ఉగ్గాని, బజ్జీలు అమ్ముతుంది. అప్పుడే వచ్చి గిన్నెలు దించుతూ తెర వైపు చూసింది.

"ఆ మూటలన్నీ యాడికి పోయినాయప్పా?"

"సైన్యానికి."

"మరి ఇత్తనాలకు?"

"యుద్ధంలో ఇత్తనాలేందే?"

"అందుకే నీ తలకాయ పోతాంది."

ఉస్తాదు గొప్ప మనసుతో నవ్వాడు. ఆడమనిషి ముచ్చట ఎందుకు కాదనాలని బియ్యం మీట ఆమెకు అప్పగించాడు. ఆమె మొదట విత్తనాలు వదిలింది. కాలువ తవ్వించింది. తర్వాత ఒక్క మాట చెప్పింది.

"పంట ఇంటికొచ్చేదాకా నువ్వు కోట దాటగాకు."

జపాను గడగడలాడించాల్సిన వీరుడు భుజాన కత్తి పెట్టుకుని, కోటగోడ మీద నిలబడి వరిపైరు చూస్తూ గంటసేపు గడిపాడు. పక్కింటి హులిగమ్మ వచ్చి, "కలుపు తీసినారా?" అని అడిగింది. సుంకప్పకు అవమానమనిపించి లేచి వెళ్ళిపోయాడు.

కోతలయ్యాక దస్తగిరమ్మ సెలవిచ్చింది. ఆటలో ఏడాదికొక కోట, విత్తే నాటికి ఇంటికి రావాలి. నాలుగు రోజుల్లో పదకొండు కోటలు చేతికొచ్చాయి. ఒక్క కొడవలి లేవలేదు. "పదకొండు కొట్టినా," అని టీకొట్టు దగ్గర చెప్పుకున్నాడు నబీ సాబ్. ఆ కథలో బియ్యం గింజ కూడా లేదు.

శుక్రవారం దస్తగిరమ్మ బస్టాండుకు పోగానే సుంకప్ప వచ్చాడు. "ఆమె లేదు గదా ఉస్తాద్, ఒక్కసారి మనమే దూకుదాం," అన్నాడు. ఉన్న మూటలన్నీ సైన్యానికి పెట్టి ఒకేసారి మూడు కోటల మీద పడ్డాడు నబీ సాబ్. ఆమె రెండో వాయి బజ్జీలు తీసేసరికి రాజ్యం లేదు.

ఆమె ఇంటికొచ్చి, ఖాళీ తెర చూసి అడిగింది. "ఏమైంది?"

"మంత్రి ద్రోహం సేసినాడు."

"మంత్రిని నేనే గదప్పా."

సుంకప్ప చెప్పులు వెతుక్కున్నాడు. సొంతింట్లో ఉన్న నబీ సాబ్‌కు వెతుక్కోవడానికి అవీ లేకపోయాయి.

"రేపట్నించి బజ్జీలు నువ్వెయ్యి," అంది దస్తగిరమ్మ. గొంతు పెంచలేదు. అదే ఆయన్ను భయపెట్టింది.

మొదటినుంచి మళ్ళీ మొదలైన ఆటలో బియ్యం దస్తగిరమ్మ దగ్గరే ఉంది, కత్తి హులిగమ్మ చేతికి వెళ్ళింది. ఉస్తాదు ప్రతి వేటుకు ముందొక సలాము, తర్వాతొక తిప్పుడు తిప్పేవాడు. హులిగమ్మ శనక్కాయ చెట్టు పీకినట్టు పని చూసుకుని వచ్చేసేది. నాలుగో రోజు మధ్యాహ్నానికి జపానంతా వాళ్ళదైంది. తెర మీద మహలు లేచింది, పూలు రాలాయి, మూడు వరుసల్లో ఏవో జపాను అక్షరాలొచ్చాయి. కబురంది బస్టాండు నుంచి శనగపిండి చేతులతో పరుగెత్తుకొచ్చిన నబీ సాబ్ తదేకంగా చూశాడు.

"'పునాదులేసిన సేనాపతికి సలాం' అని రాసిండారు."

"తెలుగులో రాసినా నువ్వు అదే సదువుతావు లేప్పా," అంది దస్తగిరమ్మ.

మర్నాడు సిరాజుద్దీన్ వచ్చి, డబ్బా సర్దుకుని బొంబాయి రైలెక్కాడు. బస్టాండులో మాత్రం ఉస్తాదు బజ్జీలు బాగున్నాయని అందరూ ఒప్పుకున్నారు. అదే ఆయన ఖర్మ. మిల్లు తెరిచేదాకా దస్తగిరమ్మ ఆయన్ను పొయ్యి దగ్గరి నుంచి కదలనివ్వలేదు.