కోరలు లేని దెయ్యం

పిండిమిల్లు మూసేశాక పెద్దాయనకు మిగిలిన పని ఒక్కటే, కొడుకు వేసే దెయ్యాల బొమ్మలకు వంకలు పెట్టడం. భార్య పోయాక, ఆమె పడుకున్న వెనక గదిని కొడుకు బొమ్మల గది చేసుకున్నాడు. లోపలంతా నూనెరంగుల కంపు. గోడలనిండా కొమ్ములు, కోరలు, పుర్రెలు. కోరలున్నదల్లా దెయ్యమైతే అడవిపంది కూడా దెయ్యమేననీ, వీటిని చూసి పాలుతాగే పిల్ల కూడా జడవదనీ ఆయన రోజూ కోడలి చెవిన వేసేవాడు. మొగుణ్ణి అంటున్నా, ఆ మాట అబద్ధం కాదు గనక ఆమె ఊరుకునేది.

ఒకరోజు, పుస్తకాలు అచ్చువేసే ఆయన మర్నాడు వస్తున్నట్టు తెలిసింది. భయం కథల పుస్తకానికి అట్టమీద బొమ్మ కావాలట. కుదిరితే కొడుక్కి అదే మొదటి పని. ఆ మధ్యాహ్నం తలుపు ఓరగా ఉంటే పెద్దాయన తొంగిచూశాడు, వెక్కిరించడానికే.

తడి ఆరని బొమ్మ. నూతి గట్టుమీద ఒక ఆడమనిషి. కొమ్ముల్లేవు, కోరల్లేవు. ఎడమ కనుబొమ కాస్త దించి చూస్తోంది, అంతే. కాపురం చేసినన్నాళ్ళూ ఆ చూపు ముందు పెద్దాయన ఒక్క అబద్ధమూ చివరిదాకా ఆడలేకపోయాడు. ఇప్పుడూ గడప దాటబోయిన కాలు వెనక్కి తీసుకున్నాడు.

"మీ అమ్మని దెయ్యాన్ని చేశావురా."

"నేనేం చెయ్యలేదు నాన్నా. అమ్మ చూసినట్టే చూడనిచ్చాను."

కోడలూ వచ్చి చూసింది. తాను పాలు పొంగిపోనిచ్చినప్పుడల్లా అత్తయ్య ఇలాగే చూసేదనీ, తనకు ఇప్పుడూ వెన్ను జలదరించిందనీ, రేపొచ్చే ఆయన దీన్ని వదలడనీ నచ్చజెప్పబోయింది. పెద్దాయన వినలేదు. తన పెళ్ళాం పదిమంది చేతుల్లో దెయ్యమై తిరగడానికి వీల్లేదన్నాడు. ఆ మొహం ఉంటే ఈ ఇంట్లో తానుండనన్నాడు. మిల్లు మోత మీద అరిచి అలవాటైన గొంతు, వీధిలోకి వినబడింది.

కొడుకు కత్తి తీసుకుని మొహం గీకేశాడు. గుడ్డతో తుడిచాడు. అక్కడ బారెడు కోరలూ ఎర్రటి కళ్ళూ వేశాడు.

మర్నాడు వచ్చిన పుస్తకాలాయన గోడలన్నీ ఓ చుట్టు చూసి, మంచినీళ్ళు తాగి, కబురు చేస్తానన్నాడు. ఆ కబురు రాదని గ్లాసు అందుకున్న కోడలికి కూడా తెలిసింది.

కొన్నాళ్ళకు పెద్దాయన ఇంట్లో ఉన్న భార్య ఫోటోలన్నీ మంచంమీద పోసి ఆ చూపు కోసం వెతికాడు. అన్నిట్లోనూ ఫోటోవాడు నవ్వమంటే ఆమె నవ్విన నవ్వే. అది ఆమె మొహమే కాదు. లేచి వెనక గదిలోకి వెళ్ళాడు.

"ఆ చూపు మళ్ళీ వెయ్యగలవా?"

"వేసి చూశాను నాన్నా. రావడం లేదు."

"ఆ కోరలు తీసేస్తే కింద ఉంటుందేమో."

"ఏముంటుంది? గీకేశాను కదా."

పెద్దాయన ఆ కోరలను వేలితో తడిమి చూశాడు.

"పుట్టి బుద్ధెరిగాక నువ్వు ఏ పనీ పూర్తిగా చెయ్యలేదు. ఇదొక్కటీ శుభ్రంగా చేశావు" అన్నాడు.