ఇంకొకడి గేట్‌పాసు

బోగీలు కడిగే లైనులో పంపు మోటారుకి కరెంటొచ్చి బుజ్జిబాబు పడిపోయాడు. కాంట్రాక్టరు గుమస్తా పరుగున వచ్చాడు. వచ్చి ఏం చేశాడనుకున్నారు? ఊపిరుందా లేదా అని చూడలేదు. తడిచొక్కా జేబులోంచి గేట్‌పాసు లాగాడు. దాని మీద మోహనకృష్ణ అని ఉంది. "బుజ్జిబాబా? ఆ పేరుతో మా దగ్గర ఎవడూ లేడు" అన్నాడు. రెండేళ్లు వాడి చేత బోగీలు కడిగించుకున్న గుమస్తా ఆ మాటన్నాడు! ఆస్పత్రి ఇచ్చిన చావు కాగితంలో 'పేరు తెలియదు' అని రాశారు.

ఈ కాంట్రాక్టరు తీయించేది ఇరవై పాసులు, పని చేయించుకునేది నలభై మంది చేత. పొద్దుటి షిఫ్టుకి ఒకడు, మధ్యాహ్నం షిఫ్టుకి ఇంకొకడు, పాసు మాత్రం ఒక్కటే. అందరికీ తెలుసు. నోరెత్తితే ఇద్దరి కూడూ పోతుందని ఎవరూ నోరెత్తరు.

నాలుగో రోజు టీవీవాళ్లు వస్తామన్నారు. ట్రాఫిక్ అని పిలిచే తెలుగు కూలీల బస్తీలో, బుజ్జిబాబు తల్లి దాలమ్మ ఇంటి ముందు జనం నిండిపోయారు. కొడుకు పోయిన మనిషికి ఏ చీర కట్టాలన్న దాని మీదే అరగంట వాదన. మంచిది కడితే డబ్బు ముట్టిందంటారట, చిరుగుది కడితే నాటకమంటారట! యూనియన్ నీలవేణి గరిటెను మైకులా దాలమ్మ మూతి దగ్గర పెట్టింది.

"మీ అబ్బాయి ఎవుళి పాసు మీద లోపలికెల్లినాడు?"

"మోహనుడి పాసు..."

"అయ్యో పిన్నీ! ఆడి సొంత పాసే అని సెప్పమన్నాను కదా! నేపోతే మోహనుడి మీద దొంగపాసు కేసెట్టీసి తీసుకెల్లిపోతారు."

మళ్లీ అడిగింది. "పొద్దున్న సద్దన్నం తినీసి ఎల్లినాడు. ఉల్లిపాయ అడిగితే నేదన్నాను" అని దాలమ్మ కుమిలిపోయింది. ఉల్లిపాయ ఇంట్లో ఉంది. కూరకి దాచింది.

గోడకి జారగిలబడ్డ మోహనకృష్ణ లేచాడు. "నా పేరే సెప్పీ పిన్నీ. నా పాసెట్టుకొని సచ్చిపోనాడు ఆడు."

"నోర్ముయ్!" అన్నాడు హరిబాబు, వాళ్ల గ్యాంగువాడే. "నీ ఇద్దరు పిల్లలు ఏటి తింతారు?"

దాలమ్మ మోహనకృష్ణను చూసింది. తన చేతి ముద్ద తిని పెరిగినవాడు. నిజం చెబితే వీడు జైలుకి పోతాడు. అబద్ధం చెబితే గుమస్తా మోహనకృష్ణ పేరున్న పాసు చూపిస్తాడు, తన కొడుకు ఎప్పటికీ పేరు తెలియనివాడే అవుతాడు. ఈ సందంతా వినబడేలా ఇరవై ఆరేళ్లు పిలిచిన పేరది.

కెమెరా వచ్చింది. గేట్‌పాసు ఎవరిదని రిపోర్టరు హిందీలో అడిగింది. నేర్పిన జవాబు దాలమ్మ నోట్లోంచి రాలేదు.

"నా కొడుకు పేరు బుజ్జిబాబు" అంది. "పాసు ఎవుళిదో నాను సెప్పను. ఇక్కడున్నోళ్లనడగండి, ఆళ్ల జేబుల్లో ఎవుళి పేరుందో!"

నీలవేణి తల పట్టుకుంది. అంతలో హరిబాబే, అందరి నోళ్లూ మూయించిన ఆ హరిబాబే, కెమెరా ముందుకొచ్చాడు. "నాను హరిబాబుని. నా పాసు మీద రాజ్ కిరణ్ అనుంది, సూడండి." రాజ్ కిరణ్ వచ్చి పక్కన నిలబడ్డాడు. తర్వాత ఇంకొకడు, ఇంకొకడు. ఆఖరికి మోహనకృష్ణ పాసు లేని వట్టి చేతులు చూపించి, ఏడుస్తూ తన పేరు చెప్పాడు.

తెల్లారి అందరి పాసులూ రద్దు. గేటు ముందు నలభై మందీ బైఠాయించారు. పోలీసులు మోహనకృష్ణనీ, హరిబాబునీ జీపెక్కించారు. పేర్లు చెప్పండని కానిస్టేబుల్ కాగితం తీశాడు. ఇద్దరూ సొంత పేర్లే చెప్పారు. ఆ గేటు దగ్గర హరిబాబు పేరు కాగితానికెక్కడం అదే మొదలు.

దాలమ్మ జీపుకి అడ్డంగా నిలబడింది. "నా కొడుకు పేరు కూడా రాయి బావూ."

"చచ్చిపోయినవాణ్ణి అరెస్టు చేయలేం మాషీ" అన్నాడతను బెంగాలీలో, పిన్నిని పిలిచినట్టే, తల దించుకుని.

"అరెస్టు సెయ్యొద్దు. ఈ గేటుకాడ పని సేసినాడని రాయి, సాలు."

కానిస్టేబుల్ పెన్ను మూత పెట్టేశాడు. దాలమ్మ చక్రం ముందు కూలబడింది. ఆమె పక్కన నీలవేణి కూర్చుంది, ఆమె వెనకాల గ్యాంగంతా, వాళ్ల వెనకాల ట్రాఫిక్ ఆడవాళ్లంతా.

"రాయి!" అన్నారు అందరూ. "రాసినాకే జీపు కదుల్తాది!"