మళ్లీ నిఖా

నా నిఖా తెగిపోయిందని చెప్పడానికి వచ్చినవాళ్లకు టీ కూడా నేనే పెట్టాలి. పొయ్యి ముందు నిలబడి ఉంటే వసారాలోంచి నా మొగుడు షఫీక్ కేకేశాడు: "మసీదు కమిటీ పెద్దాయనకు షుగరుండాది, పంచదార వెయ్యబాక!" అవునయ్యా, మదార్ సాహెబ్ షుగరు నీకు బాగా గుర్తుంది. నిన్నటి నుంచి నేను మెతుకు ముట్టలేదన్నది గుర్తుందా?

ఇంతకీ నేను చేసిన నేరం ఒక్క మాట. ఉదయగిరిలో మా వీధి ఆడపిల్లలకు సాయంత్రాలు ఖురాన్ చదవడం నేర్పుతాను. ఊరికే. ఎవరూ ఏమీ ఇవ్వరు, నేనూ అడగను. మొన్న పాఠం మధ్యలో జరీనా అడిగింది: "టీచరమ్మా, కామాక్షమ్మవ్వ చచ్చిపోయింది గదా. మనోళ్లు కాదు గదా, నరకంలో కాలుస్తారా?" వాళ్లమ్మ నెల్లూరు ఆస్పత్రిలో పడుంటే ఆ పిల్లకు అన్నం కలిపి పెట్టి, జడలేసి స్కూలుకు పంపింది పక్కింటి కామాక్షమ్మే. బిడ్డను దగ్గరికి తీసుకున్నాను. "ఆమెను నిప్పుల్లో వేస్తే ఇంక దేవుడేంది? మన అల్లా అట్లాంటోడు కాదమ్మా" అన్నాను.

అందులో మొదటి సగమే వీధంతా తిరిగింది. షఫీక్ పెళ్లాం దేవుణ్ణే అనిందంట! మర్నాడు పాఠానికి ఒక్క పిల్ల రాలేదు. కొళాయి దగ్గర నా బిందెను పక్కకు నెట్టారు. శుక్రవారం నమాజు అయ్యాక కుర్రాళ్లు వచ్చి మా తలుపు మీద తన్నారు. నేను లోపల గడియ పట్టుకుని నిలబడ్డాను.

షఫీక్ అసలేం జరిగిందని కూడా అడగలేదు. "నిన్ను ఆలోచించమని ఎవురు చెప్పినారే? స్పూన్లు రుద్దుకుంటా పడుండలేవా?" అన్నాడు. కొయ్య స్పూన్లే మా బతుకు. ఆయన చెక్కుతాడు. అవి నున్నగా అయ్యేదాకా వేళ్లు అరగదీసుకుంటూ గరుకు కాగితంతో రుద్దేది నేను. బజారులో మాత్రం అవి షఫీక్ చేసిన స్పూన్లు. మా అత్త ఖాజాబీ అయితే, "చదువుకున్న కోడలు వద్దురా అంటే విన్నావా నువ్వు?" అని కొడుకుతో ఒకటే రాగం.

టీ ఇచ్చి పరదా వెనక్కి వచ్చాను. మసీదులో నమాజు చదివించే హజ్రత్ మెల్లగానే చెప్పారు. "అట్లాంటి మాట నోట వస్తే అల్లా మీద ఈమాన్ పోయినట్టేనమ్మా. ఈమాన్ పోతే నిఖా కూడా తెగిపోయినట్టే. కలిమా చదువు. మళ్లీ నిఖా చదివిస్తాం, అయిపోతుంది."

చదివాను. కోపంతోనే చదివాను. అల్లా ఒక్కడేనని చెప్పే ఆ కలిమా పుట్టినప్పటి నుంచీ నాది. వీళ్లెవరు తీసుకోవడానికి, వీళ్లెవరు తిరిగి ఇవ్వడానికి?

"ఇంక పిల్లకాయలకు పాఠాలు చెప్పకూడదు. షఫీకూ, ఆ మాట నువ్వియ్యాల" అన్నాడు మదార్ సాహెబ్.

"చెప్పదు. గడప దాటనీను. నాదీ పూచీ" అన్నాడు షఫీక్. పరదా వైపు ఒక్కరూ చూడలేదు.

అప్పుడు హజ్రత్, పద్ధతి ప్రకారం నన్ను అడిగారు. "సాయిరా, ఈ సాక్షుల ముందర, షఫీక్‌తో నిఖా నీకు సమ్మతమేనా?"

మొదటి పెళ్లిలో ఈ ప్రశ్న అడిగినప్పుడు మా పిన్ని నా తల పట్టుకుని వంచింది. సమ్మతమేనంట అని ఆమే అరిచింది. ఇప్పుడు పరదా వెనక నేనొక్కదాన్నే ఉన్నాను. ఎక్కడికి పోతాను, ఎవరు రానిస్తారు, ఏమీ తెలియదు.

"ఊ అనవే, అంగడి తెరవాల" అన్నాడు షఫీక్.

"హజ్రత్, పాతది తెగిపోయిందని మీరే చెప్పినారు" అన్నాను. "కొత్తది నాకు సమ్మతం లేదు."