ముడతలు ఓర్వని దర్జీ, జంట పడవ

కూర్చుందామంటే మనసు నిలవదు, నిలబడదామంటే మోకాళ్ళు ఊరుకోవు. ఆ ఉదయం ఒడ్డున నా అవస్థ అదీ. మా కోడలికి పరీక్ష. దూరాన తేలే ఎర్ర డబ్బా చుట్టూ జంట పడవను తిప్పుకుని వస్తే పడవల బడిలో పంతులమ్మ ఉద్యోగం, లేదంటే మళ్ళీ మా దుకాణంలో కాజాలు కుట్టడమే. నీళ్ళంటే ప్రాణం పెట్టే పిల్ల, ఇన్నేళ్ళూ సూదితోనే సరిపెట్టుకుంది.

జంట పడవంటే పక్కపక్కన రెండు సన్నటి డొప్పలు, మధ్యలో తెరచాప. తెరచాపకు అడ్డంగా గొట్టాల్లాంటి కుట్లు, ఒక్కోదాంట్లో ఒక పొడుగాటి బద్ద. బద్ద కొసన ఉన్న తాడు బిగిస్తే అది విల్లులా వంగి తెరచాపకు పొట్ట వస్తుంది, వదిలితే తగ్గుతుంది. ఎంత బిగించాలో గాలే చెబుతుందట.

మావాడు దర్జీ. వీధిలో అందరూ ఇస్త్రీపెట్టె అంటారు. ముడత కనబడితే పామును చూసినట్టే ఉలిక్కిపడతాడు. వాళ్ళ తాత పోయినప్పుడు కూడా మీద కప్పిన దుప్పటి సరిచేశాకే ఏడ్చాడు.

కోడలు బద్దలన్నీ కట్టి, లైఫ్ జాకెట్ తెచ్చుకోవడానికి షెడ్డులోకి వెళ్ళింది. నేల మీద పరిచిన తెరచాపలో కుట్ల వెంట సన్నటి ముడతలు. ఇంకేం, మావాడు వంగాడు.

"ఒరేయ్, ముట్టుకోకురా."

"చూడమ్మా, ఉతికి పిండిన చొక్కాలా ఉంది. నలుగురూ ఏమనుకుంటారు?"

"నలుగురూ అమ్మాయిని చూస్తారు గానీ నీ కుట్లను కాదు!"

వింటేగా! ఒక్కో తాడూ లాగి లాగి ముడి మీద ముడి వేశాడు. తెరచాప డప్పులా బిగిసింది. కోడలు పరుగున వచ్చింది, తెరచాప ఎత్తింది, పరీక్షకు ముందు ఒకసారి సరిచూసుకోవడానికి పడవను నీళ్ళలోకి నెట్టింది. "అమ్మాయ్, బద్దలు చూసుకో!" అని నేను అరిచిన అరుపు పక్క మరబోటు హోరులో కలిసిపోయింది.

గాలి చూస్తే ఆకు కదిలీ కదలనంత. మొదటి మలుపులోనే పడవ ఆగిపోయింది. చాప అటు తిరగాలి కదా, బద్దలు వంగిన వైపే మొండికేశాయి. కోడలు చాప కింది అడ్డకర్రను తోసింది, కాలితో తన్నింది. లాభం లేదు. చివరికి చిన్న తెడ్డు వేసుకుంటూ ఒడ్డుకు వచ్చింది.

"ఎవరు ముట్టుకున్నారు?"

మావాడు నేల చూపులు చూశాడు. "బాగుంటుందని..."

"ఏమండీ, ఇది పెళ్ళికొడుకు కోటా? ఇంత బిగిస్తే ఈ గాలికి తిరుగుతుందా?"

పరీక్ష పెట్టే పెద్దాయన ఈల చేతిలోకి తీసుకున్నాడు. "అమ్మా, ఇక మొదలుపెట్టాలి."

చాప దించారు. తడిసిన ముళ్ళు ఊడి రావే! మావాడు ఇస్త్రీ ప్యాంటుతోనే మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి పళ్ళతో లాగాడు.

"ఇంకా వదలండి."

"ముడత వస్తోందే!"

"రానివ్వండి."

కళ్ళు మూసుకుని వదిలాడు పాపం, పన్ను పీకించుకుంటున్నట్టు.

ఈల మోగింది. పడవ వెళ్ళింది. మావాడు నీళ్ళకు వీపు పెట్టి నిలబడ్డాడు. నేను కూర్చున్నాను, లేచాను, మళ్ళీ కూర్చున్నాను.

"అమ్మా, తిరిగిందా?"

"నోర్మూసుకో. ఇప్పుడే డబ్బా దగ్గరికి పోతోంది."

పడవ ముక్కు తిరిగింది. చాప ఒక్క క్షణం ఎటూ కాకుండా వేలాడింది. నా ఊపిరీ అక్కడే వేలాడింది. అంతలో పైనుంచి కిందికి బద్దలు ఒకదాని వెనక ఒకటి టప్పుమంటూ అటు వంగాయి.

"తిరిగిందిరా!"

"మరి ముడతలు?"

"గాలి పట్టాక ఒక్కటి ఉంటే ఒట్టు. తిరిగి చూడరా వెర్రివెధవా!"

చూశాడు. అప్పుడు ఏడ్చాడు.

పెద్దాయన ఆ రోజే పడవల బడి షెడ్డు తాళం కోడలి చేతిలో పెట్టాడు. చాప మడిచేముందు తను బద్దల తాళ్ళన్నీ వదులు చేస్తుంటే మావాడు దూరంగా, చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని నిలబడ్డాడు.