ఉచార్ దురద

సైరగుల్ ఉచార్ అనే వేటకుక్క బొచ్చులో వేళ్లు జొనిపి, చెవి వెనక నుంచి పొట్టదాకా తడుముతోంది. నరిన్ అనే కొండ ఊరి చివరి పశువుల ఆసుపత్రిలో పొయ్యి ఇంకా రాజుకోలేదు. కుక్క వణుకుతోంది. చంకల్లో చర్మం కమిలి పొలుసులు లేచింది.

"ఇంకెందుకక్కా తడమడం?" అన్నాడు దాని యజమాని తోలోముష్. "పట్నంలో రక్తం పరీక్షించి దీనికి గొర్రె పడదని, దురద అందుకేనని తేల్చేశారు. కాపరికి గొర్రె పడని కుక్క! అందరూ నవ్విపోతున్నారు. మధ్యాహ్నం బజార్లో ఒకాయనకి ఇచ్చేస్తున్నా." గోడకేసి తిరిగాడు.

సైరగుల్‌ది చెప్పుకోదగ్గ బతుకేం కాదు. ఆవుల కాన్పులు, గొర్రెల గిట్టలు, ఇదే గది. భర్త పోయాడు, మోకాళ్లు అరిగాయి. "పశువులామె" అంటే తప్ప పేరు చాలామందికి తెలియదు. కానీ ఎంత ఓపిక, తల్లీ! ఎవరేం చెప్పినా తన చేత్తో తడిమి చూడందే నమ్మదు.

"ఇంటి దగ్గరున్న నీ ముసలి కుక్క ఎప్పుడైనా గోక్కుందా?"

"దానికేం, గుండ్రాయిలా ఉంది."

"దాని రక్తం కూడా పంపమన్నానుగా. దానికీ గొర్రె పడదనే వచ్చింది. పుట్టినప్పట్నుంచీ గొర్రె మాంసం తిని, గొర్రెల మధ్య పడుకునే కుక్క రక్తం ఇంకేం చెబుతుందయ్యా? గొర్రెతో బతికిందని చెబుతుంది. దురద గొర్రె వల్లేనని చెప్పదు."

ఆమె వేళ్లు వాసన చూసుకుని మొహం చిట్లించింది.

"ఏమిటిది, గొర్రెల్ని ముంచే మందు కంపు?"

"పేలు పడతాయని వసంతంలో గొర్రెలతో పాటే ముంచా. దురదొచ్చాక వారం వారం ముంచుతున్నా," అన్నాడు గర్వంగా. "ముసలిది తొట్టి చూస్తే పరుగే. ఇది బంగారం, రమ్మంటే దిగుతుంది."

"ఓరి నీ ప్రేమ మండ! దాని ఒళ్లు కాల్చేది ఆ మందే. ఇన్నాళ్లూ నా దగ్గరికి సబ్బుతో తోమి తెస్తుంటివి, నాకేం తెలుస్తుంది? ఇవాళ తోమకపోబట్టి కంపు తగిలింది. ముంచడం మానెయ్. తగ్గకపోతే అప్పుడు ఇంకోటి వెతుకుదాం. కుక్కని మాత్రం ఎవరికీ ఇవ్వకు."

అతను మోకాళ్ల మీద కూలబడి, ఉచార్ నుదుటికి నుదురానించాడు. కుక్క అతని చెవి నాకింది. సైరగుల్ పొయ్యిలో పిడకలు పేర్చే మిషతో అటు తిరిగింది.

పోతూ పోతూ అతను గుర్రం సంచిలోంచి ఒక డబ్బా తీసి గడప దగ్గర పెట్టాడు. "ఇది నువ్వే పారెయ్యక్కా. వారం వారం ముంచమని ఆ బజారాయనకిద్దామని తెచ్చా."

గుర్రం పక్కనే ఉచార్ కొండదారి ఎక్కి కనుమరుగైంది. గడప దగ్గర మందు డబ్బా మిగిలింది. దారిలో చుక్క కూడా ఒలికిపోకుండా మూతకి తోలోముష్ ఊలు మెడగుడ్డ గట్టిగా చుట్టి ఉంది.